పాడుచేసినా పరవాలేని కంప్యూటర్లు: ఒక ప్రాజెక్టు డైరీ

జూలై 2025

ఉద్యోగం మానేశాక రాస్తున్న మొదటి నోట్సు. ఇన్నేళ్లూ నా పని సర్వర్లు పడిపోకుండా కాపలా కాయడం. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి, ఏ సర్వీసు ఆగిందో చూసి, మళ్లీ నిలబెట్టి, తెల్లారాక అది ఎందుకు ఆగిందో రిపోర్టు రాయడం. జీతం బాగానే ఉండేది, పని మీద విరక్తీ పుట్టలేదు. మరెందుకు మానేశావంటే గొప్ప జవాబేమీ లేదు. శని, ఆదివారాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గర కంప్యూటర్ నేర్పడానికి వెళ్లేవాణ్ణి. రానురాను వారం మధ్యలో మీటింగులో కూర్చుని కూడా ఆ క్లాసు గురించే ఆలోచించడం మొదలైంది. ఇప్పుడు ఆ సంస్థే ఒక గది ఇచ్చి, ఇక్కడ రోజూ నడిచే కేంద్రం పెట్టమంది. నమోదు కాగితాలు, లెక్కలు, ఆడిటు వాళ్లు చూసుకుంటారు. గది, యంత్రాలు, పాఠాలు నా బాధ్యత. జీతం మూడో వంతుకి దిగింది. ఇంట్లో కూర్చుని ముందే లెక్క వేసుకున్నాం కాబట్టి దాని గురించి ఇక ఇక్కడ రాయను.

పాత వృత్తి లెక్కన అయితే మొదట డిజైన్ డాక్యుమెంటు పుట్టాలి. నమోదుకి వెబ్‌సైటు, హాజరుకి యాప్, పాఠాలకి పోర్టల్. అవేవీ పెట్టడం లేదు. హాజరుకి ఒక రూళ్ల పుస్తకం చాలు. డాక్యుమెంటు ఉండాల్సిన చోట ఒక్క వాక్యం రాసి గోడకి అంటించాను: "ఈ గదిలో ఎవరు ఏ కీ నొక్కినా నష్టం జరగకూడదు."

వారాంతపు క్లాసుల్లో ఎక్కువసార్లు విన్న ప్రశ్న "ఇదెలా చెయ్యాలి?" అని ఉంటుందనుకుంటారు ఎవరైనా. నేను విన్నది, "నొక్కితే ఏమన్నా అవుతుందా సార్?" చెయ్యి మౌస్ మీదే ఉంటుంది, వేలు కదలదు. ఆ భయం ఊరికే రాలేదు. చాలామందికి అంతవరకూ తెలిసిన కంప్యూటర్ ఇంకొకరిది. పనిచేసే చోట యజమానిది, ఇంట్లో కొడుకుది. "అమ్మా, నువ్వు ముట్టుకోకు, ఏదో అయిపోతుంది" అన్న మాట వినివినీ ఉన్నవాళ్లు. నా పాత ఉద్యోగంలో ఆ మాటలో న్యాయం ఉంది. అక్కడ ఒక్క తప్పుడు కమాండు వేలమంది పని ఆపేస్తుంది కాబట్టి అనుమతులు బిగిస్తాం. ఇక్కడ అనుమతులు బిగిస్తే నేర్చుకోవడానికేమీ మిగలదు. అందుకని ఎవరైనా ఎలాగైనా పాడుచేయొచ్చు, రెండు నిమిషాల్లో అది తిరిగి బాగవ్వాలి. రాబోయే నెలల పనంతా దీని చుట్టూనే.

ఆగస్టు

యంత్రాలు తేలిగ్గానే దొరికాయి. కారణం ఒక తేదీ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేస్తోంది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం లేదా ఆపైది కావాలి. 2017కి ముందు కొన్న ఆఫీసు డెస్క్‌టాపులు దాదాపు అన్నీ ఆ గీతకి ఇవతలే ఉండిపోతాయి. వాటికి జబ్బేమీ లేదు, జాబితాలో పేరు లేదంతే. కంపెనీలు వాటిని ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్నాయి. నా పాత పరిచయాలు అక్కరకొచ్చింది ఇక్కడే. ఆస్తుల విభాగంలో ఎవరితో మాట్లాడాలో, గేటు దాటించడానికి ఏ కాగితం అడుగుతారో నాకు ముందే తెలుసు.

ఇచ్చేవాళ్ల భయమల్లా డిస్కులో మిగిలిపోయే డేటా గురించి. ఇలాంటి పని తలపెట్టేవాళ్లకి ఉపయోగపడుతుందని కాస్త వివరంగా రాస్తున్నాను. ఫైళ్లు డిలీట్ చేయడం, క్విక్ ఫార్మాట్ చేయడం చాలవు; వాటితో సూచిక మాత్రమే చెరుగుతుంది, అసలు సమాచారం అలాగే ఉంటుంది. పాత తరహా హార్డ్‌డిస్కుకి ఎన్‌వైప్ లాంటి ఉచిత పనిముట్టుతో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి తిరగరాస్తే చాలు. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో రాసుకునే ఎస్ఎస్‌డీకి ఆ పద్ధతి నమ్మదగ్గది కాదు. దాని కంట్రోలర్ లోపల కొంత చోటు దాచిపెట్టుకుని రాతలన్నీ అటూ ఇటూ మారుస్తుంటుంది. మనం తిరగరాశామనుకున్న చోటు వేరు, నిజంగా రాత పడిన చోటు వేరు. అందుకని దానికి ఆ డ్రైవులోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ కమాండు వాడాలి. ఇదంతా చెప్పి, చివర్లో "లేదా డిస్కు మీరే ఉంచుకుని డబ్బా ఇవ్వండి" అన్నాను. ఎక్కువమంది ఆ రెండోదానికే ఒప్పుకున్నారు. దానివల్ల మాకొచ్చిన నష్టం తక్కువే. పాత హార్డ్‌డిస్కులు ఎలాగూ తీసేద్దామనుకున్నవే. తిరిగే పళ్లెం మీద ఒక చోటు వెతుక్కోవడానికి వాటికి 10 మిల్లీసెకన్లకి అటూ ఇటూగా పడుతుంది, ఎస్ఎస్‌డీకి అందులో వందో వంతు. విరాళాల్లో వచ్చిన డబ్బులో పెద్ద భాగం కొత్త ఎస్ఎస్‌డీలకే పెట్టాం. ప్రాసెసర్ 4వ తరానిదైనా, మెమరీ 4 జీబీయే అయినా, డిస్కు మారిస్తే మనిషి ఓపిక పట్టాల్సిన పని తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది మనకన్నా ముఖ్యం. క్లిక్ చేసి ఐదు సెకన్లు ఏమీ జరగకపోతే మనం ఆగుతాం. వాళ్లు తామే తప్పు నొక్కామనుకుని ఇంకో నాలుగుసార్లు నొక్కుతారు.

బల్ల మీద పని వరస ఇలా కుదిరింది. డబ్బా తెరిచి దుమ్ము ఊదడం. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడటం. ఉబ్బితే ఆ బోర్డు విడిభాగాల పెట్టెలోకి. మెమరీ తీసి, రబ్బరుతో దాని పసుపుపచ్చ అంచు తుడిచి, మళ్లీ బిగించడం. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడవనివ్వడం. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాయడం. చివరగా నాణెమంత బ్యాటరీ మార్చడం. సీఆర్2032, మూడు వోల్టులు. అది చచ్చిపోతే ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటునీ అనుమానిస్తుంది. సైటు చూపించే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని దాని లెక్క మరి. చూసేవాళ్లకి ఇంటర్నెట్ పాడైనట్టుంటుంది. అందుకని బాగున్నదా లేదా అని చూడకుండా అన్నిటికీ కొత్త బ్యాటరీ వేసేశాం.

సెప్టెంబర్

ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 13 (లినక్స్‌లో ఒక రకం), డెస్క్‌టాప్ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఈ డెబియన్ ఆగస్టు 9నే విడుదలైంది. అందులో 32 బిట్ యంత్రాలకి ఇన్‌స్టాలర్ తీసేశారు, కాబట్టి అలాంటి ముసలి యంత్రాలకి డెబియన్ 12 వేశాం. దానికి 2028 జూన్ దాకా భద్రతా మార్పులు వస్తాయి. వేరే డిస్ట్రో (లినక్స్ రకం) ఎందుకు కాదంటే, నాకు నిద్రలో లేపినా డెబియన్ బాగుచేయడం వచ్చు. అంతకన్నా పెద్ద కారణం లేదు.

సంస్థలో ఒకాయన అడిగారు: "బయటంతా విండోసే కదా, ఇక్కడ లినక్స్ నేర్పితే వీళ్లకి ఏం లాభం?" మంచి ప్రశ్న. మొదటి మెట్టులో నేర్పేవి మౌసు, కీబోర్డు, ఫైలు, ఫోల్డరు, బ్రౌజరు, ఒక లెక్కల షీటు. ఇవి ఎక్కడైనా ఒకటే. అయినా ఆయన మాట కొట్టిపారేయలేదు. విండోస్ 11 వేసిన యంత్రం ఒకటి మూల బల్ల మీద పెట్టాం. ప్రతి పాఠం చివర అదే పని దాని మీద ఒకసారి చేసి చూడాలి. రెండు చోట్లా చేసినవాళ్లకి మూడో చోట బెరుకుండదని నా నమ్మకం.

ఒక యంత్రం శ్రద్ధగా తయారుచేసి, డిస్కు మొత్తానికి నకలు తీసే క్లోన్‌జిల్లాతో మిగతావాటికి అచ్చు దింపాం. దింపే ముందు అసలుదాంట్లో మెషీన్ ఐడీ ఫైలు ఖాళీ చేయాలి, దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కీలు తీసేయాలి. లేకపోతే గదిలో ప్రతి యంత్రానికీ ఒకే గుర్తింపు ఉంటుంది, నెట్‌వర్కులో ఎవరు ఎవరో తేలదు.

అక్టోబర్

ఈ నెలే అసలు పని. యంత్రం ఆపి మళ్లీ వేస్తే పొద్దున ఉన్న స్థితికి రావాలి. ఇందుకు లినక్స్ కెర్నెల్‌లోనే ఓవర్‌లేఎఫ్ఎస్ ఉంది, 2014లో 3.18 వెర్షన్‌తో చేరింది. అసలు డిస్కుని చదవడానికి మాత్రమే తెరిచి, దాని మీద పారదర్శకమైన పొర ఒకటి పరుస్తుంది. మనం చేసే ప్రతి మార్పూ ఆ పొర మీదే పడుతుంది. ఆ పొరని మెమరీలో పెడితే, కరెంటు తీయగానే పొరా పోతుంది, దాని మీది రాతలూ పోతాయి. పరీక్షగా రూట్ అధికారంతో (అంటే ఏదైనా చేయగల అనుమతితో) ప్రోగ్రాములుండే ఫోల్డరు మొత్తం తుడిచిపారేశాను. తెర గడ్డకట్టింది. స్విచ్ ఆపి మళ్లీ వేశాను. ఏమీ జరగనట్టు లేచింది. పాత ఉద్యోగంలో ఈ కమాండు కొట్టినవాణ్ణి ఆ సాయంత్రమే ఇంటికి పంపేవాళ్లు. ఇక్కడ దాన్ని మొదటి పాఠంగా పెడదామా అని కూడా అనిపించింది.

చిక్కేమిటంటే, అన్నీ మర్చిపోయే యంత్రం మనిషి రాసుకున్నదీ మర్చిపోతుంది. ధైర్యం రావాలంటే మరుపు కావాలి. నమ్మకం కుదరాలంటే జ్ఞాపకం కావాలి. కష్టపడి టైపు చేసిన ఉత్తరం మర్నాటికి లేకపోతే ఆ మనిషి మళ్లీ రాడు. దీనికి తోడు మెమరీలోని పొరకి మామూలుగా దక్కేది ఉన్న మెమరీలో సగం, అంటే 4 జీబీ యంత్రంలో 2 జీబీ. ఎవరైనా పెద్ద వీడియో దింపితే పొర నిండి ప్రోగ్రాములు కూలుతాయి.

రెండు దారులు చర్చించాం. తలా ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వడం మొదటిది. అది వాళ్ల సొత్తు, ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. కానీ పోతుంది, బయటినుంచి వైరస్‌లు తెస్తుంది. గది సర్వర్లో తలా ఒక ఫోల్డరు రెండోది. అది పోదు, కానీ దానికి యూజర్ పేరు, పాస్‌వర్డ్ కావాలి, మౌస్ పట్టుకోవడం రానివాళ్లకి మొదటి రోజే ఆ భారం ఎందుకు? చివరికి కాలాన్ని విడగొట్టాం. మొదటి కొన్ని క్లాసుల్లో ఎవరికీ లాగిన్ లేదు, ఏదీ దాచుకోవడం లేదు. గీయడం, టైపు చేయడం, చెరపడం, ఆపేసి వెళ్లడం. ఫైలు పాఠం వచ్చిన రోజు సర్వర్లో ఎవరి ఫోల్డరు వాళ్లకి. ఆ ఫోల్డరుకి ప్రతి రాత్రీ స్నాప్‌షాట్, కాబట్టి పొరపాటున చెరిపినా నిన్నటిది దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తర్వాతి పాఠం, అది వాళ్లే చేసుకోవాలి.

ఆ సర్వర్లోనే, నెట్ లేకుండా వెబ్‌సైట్లు చదివించే కివిక్స్ పెట్టి తెలుగు వికీపీడియా మొత్తం దింపాం, నెట్ లేకుండా పాఠాలు చూపే కోలిబ్రి కూడా. నెట్ పోయిన రోజున క్లాసు ఆగదు. వెతకడం, లింకు మీద నొక్కడం, వెనక్కి రావడం నేర్పడానికి బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. పైగా ప్రకటనలు తెర మీదికి దూకవు.

నవంబర్

మొదటి బ్యాచ్. కుట్టుపని చేసే ఆవిడ, ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దాయన, పదో తరగతి దగ్గర చదువు ఆపేసిన కుర్రాళ్లు, చిన్న కొట్టు లెక్కలు చూసే ఒకమ్మాయి, ఇంకొందరు. ఫోన్ వాడకంలో అందరూ నాకన్నా చురుకు. అదే ఒక కొత్త సమస్య అయింది, ఎందుకంటే ఫోన్ ఫైలు అనేదాన్ని కంటికి కనపడనివ్వదు. ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట పాటల యాప్‌లో ఉంటుంది, కాగితం వచ్చిన చాట్‌లో ఉంటుంది. అందుకే ఈ సంభాషణ (రైటర్ అంటే లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాముల్లో ఉత్తరాలు రాసేది):

"ఉత్తరం ఎక్కడ సేవ్ చేశారమ్మా?"

"రైటర్‌లో బాబూ."

"రైటర్ మూసేశాం కదా, ఇప్పుడెక్కడుంది?"

"అందులోనే ఉంటది. మళ్లీ తెరిస్తే వస్తది."

ఆవిడ చెప్పింది తప్పనడానికి లేదు. ఫోన్ ప్రపంచంలో అది అక్షరాలా నిజం. ఫైలంటే ఏమిటో నిర్వచనం చెప్పడం మానేసి ఒక పని పెట్టాం. రెండు వాక్యాలు టెక్స్ట్ ఎడిటర్లో రాసి సేవ్ చేయండి. ఎడిటర్ మూసేయండి. ఫైల్ మేనేజర్లో ఆ ఫైలు వెతికి పట్టుకోండి. పేరు మార్చండి. వేరే ఫోల్డర్లోకి జరపండి. ఇప్పుడు దాన్ని రైటర్‌తో తెరవండి, తర్వాత బ్రౌజర్‌తో తెరవండి. ఒకే రాత మూడు ప్రోగ్రాముల్లో కనపడ్డప్పుడు ఆవిడే అంది: "అయితే ఇది వీటి సొమ్ము కాదన్నమాట, నాదే." ఆ మాట తర్వాతి బ్యాచ్ పాఠంలో చేర్చుకున్నాను.

మౌస్ గురించి. డబుల్ క్లిక్ నిజంగా కష్టం. రెండు నొక్కుళ్ల మధ్య చెయ్యి కదిలిపోతుంది, లేదా ఆలస్యమవుతుంది. సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వ్యవధి బాగా పెంచాం. డ్రాగ్ చేయడానికి పేకాట, అదే సాలిటేర్. 1990లో విండోస్ 3.0తో వచ్చినప్పుడు కూడా జనానికి మౌస్ అలవాటు చేయడానికే దాన్ని పెట్టారని చెప్తారు. పెద్దాయన క్లాసు అయ్యాక కూడా వదల్లేదు. ఆయన మౌస్ పట్టు అందరికన్నా ముందు కుదిరింది. పిల్లల కోసం తయారైన టక్స్ పెయింట్ పెద్దవాళ్లకి కూడా పెట్టాం. ఎవరూ చిన్నతనంగా అనుకోలేదు. గీసింది పాడైతే రీస్టార్ట్, అంతే.

క్లాసు నడిపే పద్ధతిలో రెండు విషయాలు సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ నుంచి ఎత్తుకొచ్చాను. శాస్త్రవేత్తలకి ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా మొదలుపెట్టిన కార్యక్రమం అది. మొదటిది, తలా రెండు రంగుల అంటుకునే చీటీలు. పని అయితే ఒక రంగు మానిటర్ మీద, సాయం కావాలంటే రెండోది. చెయ్యెత్తడానికి మొహమాటపడేవాళ్లు చీటీ అంటించడానికి మొహమాటపడరు. రెండోది, స్లైడ్లు లేకుండా నేర్పేవాడు అందరి ముందూ చేస్తూ పోవడం. నా వేళ్లు తడబడటం, నేను వెనక్కి తీసుకోవడం వాళ్లు చూడాలి. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే చేసింది వెనక్కి పోతుందని మొదటి గంటలోనే చెప్పేశాను. సిలబస్‌లో దాన్ని ఎక్కడో పదో పాఠంలో ఎందుకు పెడతారో నాకర్థం కాదు.

పాస్‌వర్డుల దగ్గర ఆఫీసు పద్ధతి వదిలేశాం. 90 రోజులకోసారి మార్చు, పెద్దక్షరం పెట్టు, @, # లాంటి గుర్తు పెట్టు అన్నవి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017 మార్గదర్శకాల్లో వద్దనేసింది. లీకయిందని తెలిస్తే తప్ప మార్చమని బలవంతపెట్టొద్దని, పొడవు ముఖ్యమని దాని సారాంశం. మేము నాలుగైదు మాటలు కలిపిన పొడవాటి వాక్యం పెట్టుకోమన్నాం, ఇంట్లో ఉండే నోటు పుస్తకంలో రాసుకోమన్నాం. దానికన్నా గట్టిగా నూరిపోసింది లాగవుట్. ఫోన్‌లో ఎప్పుడూ చేయని పని అది. పదిమంది వాడే యంత్రంలో మెయిల్ తెరిచి వదిలేయడమంటే ఏమిటో చెప్పడానికి ఒకరి తర్వాత ఒకరు అదే కుర్చీలో కూర్చుని చూశారు. నిజానికి రీబూట్‌తో అన్నీ పోతాయి. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు. మా గది బయట యంత్రాలు అంత మరుపువి కావు.

డిసెంబర్

తెలుగు టైపింగ్ మీద నెలంతా వాదనలే. వచ్చిన వాలంటీర్లందరూ ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతి నేర్పుదామన్నారు. వాళ్లకది సులువు, ఎందుకంటే వాళ్లకి ఇంగ్లీషు స్పెల్లింగు వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు సరిగా రాని మనిషికి తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీషు నేర్చుకోమనడం నాకు నచ్చలేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెట్టాం. అందులో ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు ఎక్కువగా హల్లులు. భారతీయ భాషల లిపులకి ఒకే అమరిక, క ఎక్కడుందో తెలిస్తే కన్నడంలోనూ అక్కడే ఉంటుంది. పొల్లు కోసం డి కీ. "స్త్రీ" అని రావాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: ఆరు నొక్కుళ్లు. బళ్లో ఒత్తులు నేర్చుకున్న వరసే కాబట్టి కుట్టుపని ఆవిడకి ఇది వెంటనే పట్టుబడింది. ఇబ్బంది పడింది ఇంగ్లీషు మీడియం కుర్రాళ్లు. వాళ్లకి రెండో పద్ధతి కూడా చూపించాం. ఎవరికి ఏది కుదిరితే అది.

లిబ్రేఆఫీస్‌తో చిన్న తకరారు, ఇది ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి రాస్తున్నాను. అందులో తెలుగు సంక్లిష్ట లిపుల ఖానాలోకి వస్తుంది. ఆప్షన్స్‌లో భాషల పేజీలో ఆ ఖానా తెరిచి తెలుగుని ఎంచుకోవాలి. స్టైల్స్‌లో ఫాంటు, సైజు పాశ్చాత్య లిపికి వేరు, దీనికి వేరు. పైదాంట్లో 16 పెట్టి తెలుగు అక్షరం పెరగలేదేమని చూస్తూ కూర్చోవచ్చు. మాస్టర్ యంత్రంలో ముందే సరిచేసి మళ్లీ అచ్చు దింపాం.

ఈ నెల అందరూ ఎగబడి వచ్చిన పాఠం మాత్రం నా సిలబస్‌లో లేదు. దరఖాస్తు ఫారాల్లో "ఫొటో 50 కేబీ లోపు ఉండాలి" అంటారు కదా, అది. దీనికోసం మనుషులు పక్కవాళ్లకి డబ్బులిచ్చి చేయించుకుంటున్నారు. ఇక్కడ లెక్క బోర్డు మీద వేశాం. ఫోన్ ఫొటో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు అనుకుందాం: కోటీ 20 లక్షల చుక్కలు. చుక్కకి ఎరుపు, పచ్చ, నీలం మూడు బైట్లు, అంటే 3 కోట్ల 60 లక్షల బైట్లు, 36 ఎంబీ. కానీ ఫైలు సైజు చూస్తే మూడో నాలుగో ఎంబీలే. మిగతాది ఏమైంది? జేపెగ్ కంటికి ఆనని వివరాలు వదిలేసి కుదిస్తుందని అక్కడ చెప్పాం. ఇప్పుడు 200 చుక్కల వెడల్పు, 230 ఎత్తుకి తగ్గిస్తే 46,000 చుక్కలు, కుదించకముందే 138 కేబీ. జేపెగ్ చేశాక 50 లోపు సులువుగా పడుతుంది. బైటు, కిలోబైటు, పిక్సెల్ అని విడివిడిగా చెప్పి ఉంటే నిద్రపోయేవాళ్లు. కొట్టు లెక్కలు చూసే అమ్మాయి ఒక్కతే అడిగింది, "సార్, మరి చిన్నది చేసి మళ్లీ పెద్దది చేస్తే పాత ఫొటో వస్తుందా?" అని. చేసి చూడమన్నాను. మసక మసగ్గా వచ్చింది. అసలు ఫైలు ఉంచుకుని కాపీ మీద పనిచేయాలన్న అలవాటు ఆ మసకే నేర్పింది.

జనవరి 2026

పాత సహోద్యోగులు వాలంటీర్లుగా వస్తున్నారు. మంచి మనసు, మంచి తెలివి, ఆగని చేతులు. విద్యార్థి ఒక సెకను తటపటాయిస్తే చాలు, "ఇలా ఇవ్వండి" అని మౌస్ లాక్కుంటారు. పని అయిపోతుంది, నేర్చుకోవడం అవదు. అందుకని ఒకే ఒక్క నిబంధన: వాలంటీరు నిలబడ్డప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవాలి. మాటతోనే సాయం. "పైన ఎడమవైపు మూడో గుర్తు" అని చెప్పడం ఎంత కష్టమో తెలిశాక ఒకతను రెండు వారాలకే రావడం తగ్గించాడు. ఉన్నవాళ్లు మాత్రం గట్టివాళ్లు.

విరాళమిచ్చే కంపెనీతో సమావేశం జరిగింది. బల్లకి అటువైపు కూర్చునే అలవాటున్నవాణ్ణి కాబట్టి వాళ్ల భాష నాకు కొత్తేమీ కాదు. ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు, తలసరి ఖర్చెంత, వచ్చే ఏడాది ఎన్ని కేంద్రాలు. సర్టిఫికెట్ల సంఖ్య పెంచడం ప్రపంచంలోకెల్లా తేలికైన పని, ప్రింటరుంటే చాలు. నేను వేరే అంకె ఇస్తానన్నాను: క్లాసు లేని వేళల్లో గది తెరిచి ఉంచుతాం, అప్పుడు తమ సొంత పని మీద వచ్చి, ఎవరినీ అడగకుండా చేసుకుని వెళ్లేవాళ్లు ఎందరు? రూళ్ల పుస్తకంలో రెండు గళ్లు చాలు దానికి. ఏ పని మీద వచ్చారు, సాయం అడిగారా. అంకె చిన్నదిగా ఉంటుందని ముందే చెప్పాను. ముఖాల్లో ఉత్సాహం కనపడలేదు గానీ నివేదికలో ఒక వరుస దానికి ఇచ్చారు. మిగతా వరుసలు కూడా నింపాల్సిందే. డబ్బిచ్చేవాళ్లతో గొడవపడి గది మూసుకునే ఉద్దేశం నాకు లేదు.

ఫిబ్రవరి

చివరికి ఒక కుర్రాడు రీబూట్‌కి కూడా లొంగని పని చేశాడు. యంత్రం లేస్తున్నప్పుడు ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి (మదర్‌బోర్డులోనే ఉండి అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాములోకి) వెళ్లి పాస్‌వర్డ్ పెట్టి, ఏం పెట్టాడో మర్చిపోయాడు. బయాస్ సెట్టింగులు డిస్కులో ఉండవు, మన పొర అక్కడిదాకా వెళ్లదు. ముఖం మాడ్చుకుని వచ్చి, "సార్, ఈసారి నిజంగానే పాడుచేశాను" అన్నాడు. స్క్రూడ్రైవర్ వాడి చేతికే ఇచ్చాను. ప్లగ్గు తీసి, డబ్బా తెరిచి, మదర్‌బోర్డు మీద పాస్‌వర్డ్ చెరిపే జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) ఎక్కడుందో బోర్డు మీది ముద్ర చదివి పట్టుకున్నాడు. జంపర్ తీసి, ఒకసారి ఆన్ చేసి, మళ్లీ పెట్టాడు. డెస్క్‌టాపుల్లో చాలావాటికి ఇది కుదురుతుంది. ల్యాప్‌టాపుల్లో చాలావాటికి కుదరదు, అక్కడ పాస్‌వర్డ్ వేరే చిప్‌లో ఉంటుంది. అది కూడా చెప్పాను, ఇంట్లో అన్నయ్య ల్యాప్‌టాప్ మీద ప్రయోగం చేస్తాడేమోనని. ఆ సాయంత్రం మిగతావాళ్లు కూడా డబ్బా తెరిచి చూస్తామన్నారు. విడిభాగాల పెట్టెలో ఉబ్బిన కెపాసిటర్ల బోర్డులు అందుకు పనికొచ్చాయి. హార్డ్‌వేర్ క్లాసు అలా మొదలైంది, ఆ కుర్రాడే సహాయకుడు.

ఇప్పుడు చేస్తున్నది అప్పగింతలు. నేను లేకపోయినా గది నడవాలి. పాత ఉద్యోగంలో ఇలాంటివాటికి రన్‌బుక్, అంటే ఏ పని ఏ వరసలో చేయాలో చెప్పే పుస్తకం, రాసేవాళ్లం. ఇక్కడా రాస్తున్నాను, కాకపోతే తెలుగులో, స్క్రీన్‌షాట్లతో. కొత్త డిస్కుకి ఇమేజ్ (మాస్టర్ యంత్రం అచ్చు) దింపడం, సర్వర్ స్నాప్‌షాట్ నుంచి ఫైలు తిరిగి తేవడం, నెట్ పోతే ముందు ఏ తీగ చూడాలి. కొట్టు లెక్కలు చూసే అమ్మాయి పొద్దుటి పూట గది చూసుకోవడానికి ఒప్పుకుంది, సంస్థ జీతమిస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఆమెకి ఇచ్చాను. రాసినదాన్ని చూసి ఆమె ఒక్కతే ఇమేజ్ దింపింది. రెండు చోట్ల నా రాత అర్థం కాలేదని పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. అవి ఇవాళ సరిచేశాను.

మిగిలి ఉన్నవి: చూపు లేని ఒకాయన వస్తానన్నారు, ఆయన కోసం మూల బల్ల మీది విండోస్ యంత్రంలో తెర మీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ వేసి, దానికి గొంతునిచ్చే ఈస్పీక్ ఎన్‌జీలోని తెలుగు గొంతు ఆయనకి అర్థమవుతుందో లేదో ఆయన్నే కూర్చోబెట్టి చూడాలి. గొంతు మరీ మరమనిషిలా ఉంది, వేగం తగ్గిస్తే నయమేమో. కీబోర్డుల మీద తెలుగు స్టిక్కర్లు అరిగిపోతున్నాయి, ముందుగా పోయింది డి కీ మీదిదే. రెండో సర్వర్ కోసం ఒక డబ్బా పక్కన పెట్టాను, దానికి మెమరీ దొరకాలి.